తప్పు రొట్టెది కాదు

గత సంవత్సరం మా అమ్మాయి చదివే ఉన్నత పాఠశాలలో ఆర్థర్ మిల్లర్ రచించిన ‘ది క్రూసిబుల్’ నాటకాన్ని ప్రదర్శించారు. అమెరికాలో పిల్లలను చదివించుకుంటున్న తెలుగు కుటుంబాలలో ఈ నాటకం పేరు వినని ఇల్లు అరుదు. పదవ తరగతిలోనో పదకొండవ తరగతిలోనో అది పాఠ్యాంశంగా ఎదురవుతూనే ఉంటుంది. నావంటి రసాయన శాస్త్రజ్ఞులకు ఆ పేరే ఒక ఆకర్షణ. క్రూసిబుల్ అనగా మన కంసాలి వాడే మూస. ప్రయోగశాలలో మేము పింగాణీ మూసలో పదార్థాన్ని వేసి ఎర్రగా కాలేవరకు వేడి చేస్తాము. మండవలసినది మండిపోగా మిగిలినదానిని తూచి, అసలు అందులో ఏమున్నదో లెక్క కడతాము. మిల్లర్ ఆ పేరు ఎందుకు పెట్టాడో వేరే చెప్పనవసరం లేదు గదా!

మా అమ్మాయికి మేరీ వారెన్ పాత్ర ఇచ్చారు. పిల్లల మూర్ఛలన్నీ నటన అని న్యాయస్థానంలో చెప్పబోయి, తోటి పిల్లల బెదిరింపుకు తట్టుకోలేక మళ్ళీ వారితోనే చేరిపోయే పనిపిల్ల పాత్ర అది. నెలన్నర పాటు మా వంటింట్లో ఆ సంభాషణలు మారుమోగాయి. ఒక సాయంకాలం నేను చిక్కుడుకాయలు తుంచుతుండగా, “అమ్మా, అంతమంది పిల్లలు కలిసి మనుషులను ఉరికి ఎలా పంపగలిగారు?” అని అడిగింది. “వాళ్ళ తప్పు కాదు, రొట్టె తప్పు. ఆ ఏడు పండిన రై ధాన్యానికి బూజు పట్టింది” అని తల ఎత్తకుండానే సమాధానం చెప్పాను. ఎంతో తృప్తిగా చెప్పాను. ఆ తృప్తి ఎక్కడి నుండి వచ్చిందో పరిశీలించుకొనడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ముందు జరిగిన చరిత్రను క్లుప్తంగా చెప్పుకొందాము. మసాచుసెట్స్‌లో సేలం గ్రామం (నేడు దాని పేరు డాన్వర్స్) మతగురువు శామ్యూల్ పారిస్ ఇంట్లో 1692 జనవరిలో ఇద్దరు పిల్లలకు విచిత్రమైన మూర్ఛలు మొదలయ్యాయి. ఒకతెకు తొమ్మిదేళ్ళు, మరొకతెకు పదకొండేళ్ళు. వైద్యుడు వచ్చి చూసి ఇది దుష్టశక్తి పని అన్నాడు. మూర్ఛలు ఇరుగుపొరుగు పిల్లలకు వ్యాపించాయి. మాపై మంత్రప్రయోగం చేసినది ఫలానివారు అని పిల్లలు పేర్లు చెప్పసాగారు. నెలలు తిరిగేసరికి నూటయాభై మందికి పైగా నిందితులయ్యారు. పద్నాలుగురు స్త్రీలను, ఐదుగురు పురుషులను ఉరితీశారు. ఎనభై దాటిన గైల్స్ కోరీ అనే వృద్ధుడు అభియోగానికి జవాబు చెప్పడానికి నిరాకరించినందుకు రాళ్ళబరువు క్రింద ప్రాణం విడిచాడు. చెరసాలలో మరణించినవారు వేరే. నాటకంలో మిల్లర్ కొన్ని మార్పులు చేశాడు. అరవై ఏళ్ళ జాన్ ప్రాక్టర్‌ను నడివయసువాణ్ణి చేసి, పదకొండేళ్ళ అబిగైల్‌ను పదిహేడేళ్ళ యువతిని చేసి, వారిద్దరి మధ్య ఒక అక్రమ సంబంధాన్ని కల్పించాడు. నాటకకర్తకు ఆ స్వేచ్ఛ ఉండవలసినదే. కాని పిల్లలు నాటకమే చరిత్ర అనుకొనే ప్రమాదమున్నది కనుక తల్లిదండ్రులు ఈ సంగతి చెప్పి ఉంచడం మంచిది.

ఇక రొట్టె సంగతి. రై ధాన్యపు కంకులకు ‘క్లావిసెప్స్ పర్పురియా’ అనే శిలీంధ్రం సోకితే గింజ స్థానంలో నల్లని కొమ్మువంటి ముద్ద ఏర్పడుతుంది. దానినే ఎర్గాట్ అంటారు. మన వైపు సజ్జ కంకులకు ఇదే కుటుంబానికి చెందిన వేరొక శిలీంధ్రం వలన వచ్చేదానిని రైతులు తేనెబంక తెగులు అంటారు. విత్తనాలను ఉప్పునీటిలో వేసి పైకి తేలిన తెగులు ముద్దలను తీసివేయడం మన వ్యవసాయ శాఖవారు ఎప్పటినుండో చెపుతున్న ఉపాయమే. రై మీది ఎర్గాట్‌లోని ఆల్కలాయిడ్లు సామాన్యమైనవి కావు. రక్తనాళాలను ముడుచుకుపోయేటట్లు చేస్తాయి, కండరాలను వంకరలు తిప్పుతాయి, భ్రాంతులు కలిగిస్తాయి. వాటిలో ఒకదానిని ప్రసవానంతర రక్తస్రావాన్ని ఆపడానికి, మరొకదానిని పార్శ్వపు తలనొప్పికి మందుగా వాడారు. స్విట్జర్లాండులో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్.ఎస్.డి.ని తయారుచేసినది ఈ ఎర్గాట్ రసాయనాల పరిశోధనలోనే. దాని మాయ ఆయనకు తెలిసివచ్చినది 1943లో. ఇంతటి సామగ్రి ఉన్న శిలీంధ్రాన్ని ఏ రసాయన శాస్త్రజ్ఞుడు ప్రేమించకుండా ఉండగలడు?

1976 ఏప్రిల్‌లో లిండా కాపొరేల్ అనే పరిశోధక విద్యార్థిని ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించింది. 1691లో వాతావరణం తేమగా ఉన్నదనీ, ఆ గ్రామంలో కొన్ని పొలాలు చిత్తడి నేలలనీ, పిల్లల మూర్ఛలూ భ్రాంతులూ ఎర్గాట్ విషలక్షణాలతో సరిపోతున్నాయనీ ఆమె ప్రతిపాదన. పత్రికలు దానిని ఎత్తుకొన్నాయి. నేను హైదరాబాదులో ఎమ్.ఎస్‌సి. చదివే రోజులలో మా ఆచార్యులవారు ఆల్కలాయిడ్ల పాఠంలో ఈ కథ చెప్పారు. అప్పటి నుండి ఎందరికి చెప్పి మెప్పు పొందానో లెక్కలేదు.

అమ్మాయి ప్రశ్న తరువాత, ఎందుకైనా మంచిదని, ఆ వ్యాసాన్నీ దానికి వచ్చిన సమాధానాన్నీ వెదకి చదివాను. అదే సంవత్సరం డిసెంబరులో, అదే పత్రికలో, కెనడాలోని కార్ల్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్పానోస్, గాట్లీబ్ అనే ఇద్దరు ఆ ప్రతిపాదనను ఒక్కొక్క అంశంగా విడదీసి చూపారు. మూర్ఛలు తెప్పించే తరహా ఎర్గాట్ వ్యాధి, విటమిన్ ఎ కొరవడిన ప్రాంతాలలో కనిపించేది. పాలు, చేపలు దొరికే సేలంలో ఆ కొరత ఉండడానికి వీలులేదు. ఒకే రొట్టె తిన్న కుటుంబంలో ముందుగా పడిపోవలసినది పసిపిల్లలు. అక్కడ అలా జరుగలేదు. అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి ఉన్నది. నిందితురాలు చూడగానే పిల్లలు పడిపోయేవారు. ఆమె చేయి తాకగానే లేచి కూర్చునేవారు. ఆల్కలాయిడ్‌కు న్యాయస్థానంలో ఎవరు ఎటు చూస్తున్నారో ఎలా తెలుస్తుంది? అసలు మేరీ వారెన్ సంగతే చూడండి. ఆమె యజమాని ప్రాక్టర్, రాట్నం దగ్గర కూర్చోబెట్టి తంతానని బెదిరించినన్నాళ్ళు మూర్ఛ రాలేదట, ఆయన ఊరికి వెళ్ళగానే మళ్ళీ వచ్చిందట. రాట్నం వడికితే తగ్గే విషాన్ని నేను ఏ గ్రంథంలోనూ చూడలేదు.

అయితే ఇదంతా ‘సామూహిక ఉన్మాదం’ అని తేల్చివేద్దామా? ఆ మాట కూడ నాకు పూర్తిగా రుచించదు. అది జరిగినదానికి ఒక పేరే గాని కారణం కాదు. సీసాకు చీటీ అతికించినంత మాత్రాన అందులోని పదార్థాన్ని విశ్లేషించినట్లు కాదు. పెక్కుమంది ఒకేసారి ఒక వింతను నమ్మడం మనకు తెలియనిది కాదు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు త్రాగుతున్నాడని ఇండియాలోనే గాక అమెరికాలోని మన దేవాలయాలలో కూడ చెంచాలతో బారులు తీరారు. తలతన్యత వలన పాలు చెంచాలోనుండి విగ్రహం మీదుగా జారిపోతున్నాయని శాస్త్రజ్ఞులు రంగుపాలతో చూపించారు. కొన్ని పాలు ఒలికాయి. ఎవరికీ హాని జరుగలేదు. ఏలననగా అక్కడ ముద్దాయి లేడు, తీర్పు చెప్పే సభ లేదు.

సేలంలో ఆ రెండూ ఉన్నాయి. అంతకంటె ముఖ్యంగా, ఆ సభ ఒక ప్రత్యేకమైన సాక్ష్యాన్ని అంగీకరించింది. ఫలాని స్త్రీ ఛాయారూపంలో వచ్చి నన్ను గిల్లింది, పీక నొక్కింది అని బాధితురాలు చెపుతుంది. ఆ ఛాయ ఆమెకు తప్ప మరెవ్వరికీ కనబడదు. ఆ సమయంలో నిందితురాలు తన ఇంట్లో నిద్రపోతున్నదని పదిమంది చెప్పినా ప్రయోజనం లేదు. శరీరం ఇంట్లో ఉన్నది, ఛాయ బయట తిరిగింది! దీనిని ఛాయాసాక్ష్యం అందాము. ఏ పరిశీలన వలననూ తప్పని తేలడానికి వీలులేని ప్రతిపాదనను మేము విజ్ఞానశాస్త్రంలో ప్రవేశించనివ్వము. ఆ న్యాయస్థానం దానిమీద మనుషులను ఉరితీసింది. పైగా, నేరం ఒప్పుకొని ఆ మాటకు కట్టుబడినవారు బ్రతికారు, కాదన్నవారు చచ్చారు. డెబ్బైయొక్క ఏళ్ళ రెబెకా నర్స్‌ను జ్యూరీ మొదట నిర్దోషి అన్నది. పిల్లలు గోలపెట్టగా న్యాయాధిపతి మళ్ళీ ఆలోచించమన్నాడు. చెవుడుగల ఆ ముసలామెకు అడిగిన ప్రశ్న వినబడక మౌనంగా ఉండిపోతే, ఆ మౌనాన్నే నేరానికి నిదర్శనంగా తీసుకొన్నారు. జూలై 19న ఉరితీశారు.

వారికి ప్రయోగం చేయడం తెలియదా అంటే, తెలుసు. సేలం న్యాయాధిపతులు ఆదర్శంగా పెట్టుకొన్నది ఇంగ్లండులో బరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణంలో 1662లో మాథ్యూ హేల్ అనే ప్రఖ్యాత న్యాయమూర్తి జరిపిన విచారణను. అక్కడ కూడ మంత్రగత్తె తాకితే పిల్ల బిగించిన పిడికిలి విప్పేది. కొందరు పెద్దమనుషులు ఆ పిల్ల కళ్ళు మూసి, మంత్రగత్తెకు బదులు వేరొక స్త్రీచేత తాకించారు. పిడికిలి అలాగే విచ్చుకొన్నది. నేడు మందుల పరిశోధనలో మేము చేసే కళ్ళుగప్పిన పరీక్షకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి! ఇదంతా మోసమని వారు వచ్చి చెప్పారు కూడ. పిల్ల తండ్రి లేచి, మంత్రగత్తె తాకిందని భ్రమపడి ఉంటుందిలే అన్నాడు. ఆ వివరణ చాలింది. ఇద్దరు స్త్రీలను ఉరితీశారు. సేలంలోనూ అంతే. సారా గుడ్ ఛాయ తనను కత్తితో పొడిచిందని ఒక పిల్ల విరిగిన కత్తిముక్క చూపింది. ఒక యువకుడు లేచి, ఆ ముక్క తన కత్తిదనీ, నిన్ననే విరిగితే ఆ పిల్ల ఎదుటనే పారవేశాననీ, మిగిలిన కత్తి తెచ్చి అతికించి చూపాడు. అబద్ధాలు చెప్పకు అని పిల్లను మందలించి, సాక్ష్యం కొనసాగించమన్నారు. ప్రయోగం చేయకపోవడం అజ్ఞానం. చేసి, వచ్చిన ఫలితాన్ని ప్రక్కన పెట్టడం వేరొక విషయం. దానికి రొట్టె బాధ్యత వహించదు.

తరువాత జరిగినది కూడ గమనించదగినదే. 1692 అక్టోబరులో ఇంక్రీజ్ మేథర్ అనే మతాచార్యుడు ఛాయాసాక్ష్యాన్ని నమ్మరాదని వాదించాడు. ఆ నెలాఖరున గవర్నరు ఫిప్స్ ఆ న్యాయస్థానాన్ని రద్దుచేశాడు. 1693 జనవరిలో కొత్త న్యాయస్థానం ఛాయాసాక్ష్యం లేకుండా విచారణ మొదలుపెట్టింది. ఊరు అదే, నమ్మకాలు అవే. అయినా చాలమంది విడుదలయ్యారు. ముగ్గురికి మాత్రం శిక్ష పడితే వారికీ ఉరి తప్పింది. చర్యలో పాల్గొనే ఒక పదార్థాన్ని తీసివేయగానే చర్య ఆగిపోయినది. శాస్త్రజ్ఞురాలిగా ఒక మినహాయింపు కూడ చెప్పాలి. ఇది శుద్ధమైన నియంత్రిత ప్రయోగం కాదు. అప్పటికి నింద గవర్నరుగారి భార్య దాకా వచ్చింది కనుక పెద్దలకు హఠాత్తుగా జ్ఞానోదయమైనదనే అనుమానానికి కూడ తావున్నది.

మిల్లర్ నాటకం న్యూయార్కులో 1953 జనవరి 22న తొలిసారి ప్రదర్శింపబడినప్పుడు, అది సెనేటర్ మెకార్తీ కాలపు కమ్యూనిస్టు వేటను గురించినదని ప్రేక్షకులందరికీ తెలుసు. మాకు పూజ్యుడైన లైనస్ పాలింగ్‌కు 1952లో పాస్‌పోర్టు నిరాకరించి లండను సమావేశానికి పోనివ్వలేదు. 1954లో మిల్లర్‌కు కూడ, బ్రస్సెల్స్‌లో తన నాటకాన్ని చూడడానికి వెళ్ళబోతే, పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1956లో కాంగ్రెసు సంఘం ఎదుట ఇతరుల పేర్లు చెప్పనన్నందుకు ఆయనను శిక్షించారు. 1958లో ఆ శిక్ష రద్దయింది. ఇవన్నీ పాఠశాలలో చక్కగానే చెపుతారు. మా అమ్మాయికి నాకంటె బాగా తెలుసు.

ఆమెకు తెలియనిది వేరొకటి ఉన్నది. మాది మెదకు జిల్లాలో మంజీర పరిసరాలలోని ఒక గ్రామం. చేతబడి అని అందరూ అనేదానిని, గోదావరి జిల్లాలవారు చిల్లంగి అనేదానిని, మా వైపు బాణామతి అంటారు. 1989 వర్షాకాలంలో మా వీధిలో ఆరేళ్ళ పిల్లవాడు రెండు రోజులు జ్వరంతో, మూర్ఛలతో కొట్టుకొని చనిపోయాడు. అది మెదడువాపు కావచ్చునని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మా ఊరికి డాక్టరు లేడు. మూడు వారాలలో మరొక పిల్లకు మూర్ఛ వచ్చింది. ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక ముసలి అవ్వ మీద అనుమానం పుట్టింది. చావడి దగ్గర పంచాయితీ పెట్టారు. పెద్దలలో మా తాత ఒకరు. ఆ పిల్లవాడితో ఆడుకొనేవారమని మా నలుగురు పిల్లలను పిలిచారు. నాకు అప్పుడు పదకొండేళ్ళు.

“గామె బాయికాడ పిలగాని దిక్కు చూసిందా, బిడ్డా?” అని అడిగారు. అవ్వ రోజూ నీళ్ళకు బావికి వచ్చేది, అందరినీ చూసేది. “చూసింది” అన్నాను. “ఏమన్న గొణిగిందా?” అన్నారు. నాకు ముందు మాట్లాడిన పిల్ల గొణిగిందని చెప్పింది. నేను కూడ గొణిగిందన్నాను. ఆమె గొణగడం నేను వినలేదు. ఎవరూ నన్ను బెదిరించలేదు, నాకు భ్రాంతి కలుగలేదు, ఆ ఉదయం మా ఇంట్లో తిన్న జొన్నరొట్టెకు ఏ తెగులూ లేదు. అంతమంది పెద్దలు ఒక్కసారిగా నా మాట వినడం నాకు బాగున్నది. అంతే. ఆ సాయంకాలం మా అవ్వ నన్ను లోపలికి లాగి తలుపు గడియ వేసింది. మంత్రం పలకకుండా ఆమె ముందరి పళ్ళు ఊడగొట్టారని తరువాత తెలిసింది. నెల తిరుగకముందే ఆమె ఊరు విడిచి కూతురి దగ్గరకు వెళ్ళిపోయింది.

సేలం పిల్లలలో ముఖ్యురాలైన ఆన్ పట్నం, ఆనాడు పన్నెండేళ్ళది, 1706లో చర్చిలో అందరి ఎదుట క్షమాపణ చెప్పుకొన్నది. తనను సైతాను భ్రమపెట్టాడని అందులో ఉన్నది. ఆమె సైతాను మీద పెట్టింది, నేను రొట్టె మీద పెట్టాను. న్యాయాధిపతులలో ఒకడైన శామ్యూల్ సీవాల్ మాత్రం 1697లో బోస్టన్‌లోని తన చర్చిలో నిలబడి, నింద తనదేనని వ్రాసిన కాగితాన్ని చదివించాడు. నాటకంలో ఆయన లేడు. ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

ఇది ముప్పై ఏళ్ళ క్రిందటి వెనుకబడిన పల్లె కథ అని తోసివేయడానికి వీలులేదు. మంత్రాల నెపంతో జరిగిన హత్యలు 2000 నుండి 2012 వరకు భారతదేశంలో రెండు వేలకు పైబడినట్లు ప్రభుత్వపు నేరగణాంకాలే చెపుతున్నాయి. 2022 జనవరిలో జగిత్యాలలో ఒక సమావేశంలోనే తండ్రినీ ఇద్దరు కుమారులనూ చంపివేశారు. మహారాష్ట్రలో ఇటువంటి చర్యలకు వ్యతిరేకంగా చట్టం రావడానికి 2013 ఆగస్టులో డాక్టర్ నరేంద్ర దభోల్కర్ హత్య జరుగవలసి వచ్చింది. కర్ణాటక 2017లో చట్టం చేసింది. మన వైపు విజయవాడ నాస్తిక కేంద్రంవారూ జనవిజ్ఞాన వేదికవారూ ఊరూరా తిరిగి నిమ్మకాయ నెత్తురు, నిప్పులమీద నడక వంటివాటి గుట్టు విప్పుతున్నారు. వారి కృషి గొప్పది. అయినా నా అనుభవం వలన తోచేది ఏమంటే, ఆ ఊళ్ళో నమ్మకాన్ని మార్చడానికి ఒక తరం పట్టవచ్చును, కాని ఆ చావడి దగ్గర ఆ సాయంకాలం ఒక్క డాక్టరు వచ్చి పిల్లవాడికి వచ్చిన జ్వరమేమిటో చెప్పి ఉంటే, పిల్లలను ఆ ప్రశ్నలు అడగవద్దని ఒక్క పెద్దమనిషి అని ఉంటే, పంచాయితీ మరొక విధంగా ముగిసేదేమో. మన సంఘాలు స్వగ్రామాలలో కంటి శిబిరాలు నడుపుతున్నాయి, బడులకు కంప్యూటర్లు కొంటున్నాయి. మూర్ఛవ్యాధికి ఒక శిబిరం, అంతుపట్టని జ్వరంతో పిల్ల చనిపోయిన ఊరికి వారం లోపల ఒక వైద్యుని పంపే ఏర్పాటు, ఈ రెండింటికీ కంప్యూటర్ల ఖర్చు కాదు. ఈ ప్రతిపాదనను కార్యవర్గం పరిశీలించవలసినదిగా కోరుతున్నాను.

నాటకం చివరి ప్రదర్శన అయిన రాత్రి కారులో మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. సేలంలో ఉరితీసిన స్థలం ప్రాక్టర్స్ లెడ్జ్ అని 2016లో నిర్ధారించారనీ, అది ఒక మందుల దుకాణం వెనుక ఉన్నదనీ, 2017లో స్మారకం కట్టారనీ ఆమె నాకు చెప్పింది. 1693లో శిక్షపడి, అందరి శిక్షలూ రద్దయినా మిగిలిపోయిన ఎలిజబెత్ జాన్సన్ పేరును నార్త్ ఆండోవర్ పట్టణపు ఎనిమిదవ తరగతి పిల్లలు పట్టుబట్టి 2022లో చట్టసభచేత నిర్దోషిగా ప్రకటింపజేశారని కూడ చెప్పింది. కొంతసేపు ఊరుకొని, “ఆ అవ్వ పేరేమిటమ్మా?” అని అడిగింది.

నాకు తెలియదు. మేమంతా ఆమెను ఆమె కూతురి పేరుతో, ఫలానిదాని తల్లి అనే పిలిచేవారము. మరునాడు ఊరికి ఫోను చేసి మా చిన్నమ్మను అడిగాను. ఇన్నేళ్ళకు ఇప్పుడెందుకే అన్నది. తరువాత చెప్పింది. ఆ పేరు మా అమ్మాయి తన నాటకపు ప్రతిలో మొదటి పుటమీద తెలుగులో వ్రాసుకొన్నది. ఇక్కడ అచ్చువేయడం లేదు. ఆమె కూతురి పిల్లలు ఇప్పటికీ ఆ చుట్టుప్రక్కలనే ఉన్నారు.